మజ్జిగ మానేశాక చద్దన్నం సంగతేంటి? పొద్దున్న ఎనిమిదింబావుకి బస్సు

మహేంద్రతనయ (పర్లాకిమిడి), మార్చి 8

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో పర్లాకిమిడి. పుట్టిల్లు ఆంధ్రలో పాతపట్నం, రాష్ట్రం మారినా ఆటో దూరమే. కాశీనగర్ దాటాక ఒక పల్లెలో బళ్ళో టీచర్ని. ఇంట్లో నేను, మా ఆయన, అత్తమ్మ, ఇద్దరు పిల్లలు. ఎనిమిదింబావు బస్సు తప్పితే బడి గంట అందదు.

ఈ కనుమ నుంచి పాలు, పెరుగు, నెయ్యి మానేశాను. మాంసం, గుడ్డు మా పుట్టింట్లోనే లేవు. కనుమనాడు మా పెరటి గోడవతల శాలలో పశువులకి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొమ్ములకి బంతిపూలు చుట్టారు. నేనూ వెళ్ళి దణ్ణం పెట్టుకున్నాను. సాయంత్రం పాలకి చెంబు పట్టుకుని మళ్ళీ అదే శాలకి వెళ్ళాను. గేదె చేపడానికి దున్నపిల్లని రెండు గుక్కలు తాగనిచ్చి, లాగేసి, మూతికి చిక్కం పెట్టి రాటకి కట్టేశారు. అది చిక్కం సందుల్లోంచి నాలిక బయటపెట్టి రాటని నాకుతోంది. మెడలో పొద్దుటి బంతిపూల దండ ఇంకా ఉంది. ఆ రోజు చెంబు ఖాళీగానే ఇంటికి తెచ్చాను. ఆ తరవాత పాలు నోట్లో పెట్టుకోలేకపోయాను. ఎవరినీ తప్పుపట్టాలని చెప్పడం లేదు. మా ఆయన్నీ పిల్లల్నీ మానమని అడగలేదు కూడా.

వంటలో నాకు కష్టం లేదు. పప్పు, ఆవపెట్టిన కూర, చారు, వీటిలో పాలెక్కడివి? పోపు నేతికి బదులు నువ్వుల నూనెలో పెడుతున్నాను, ఇంట్లో ఎవరూ కనిపెట్టలేదు. కష్టం విస్తరి చివర్లోనే వస్తోంది. పెరుగన్నం తినకుండా చెయ్యి కడిగితే భోజనం సగంలో లేచినట్టుంటుంది. అత్తమ్మకైతే బెంగ. "పెరుగు లేని తిండి ఏటి తిండి, గుంట (పిల్ల) నీరసపడిపోతాది" అంటారు. కోపంతో కాదు, నామీద ప్రేమతోనే. శివరాత్రి దాటింది, ఎండ ముదురుతోంది. మజ్జిగ పోసుకున్న చద్దన్నం తినకుండా మా ఇంట్లో ఎవరూ గడప దాటరు.

సోయాపాల డబ్బా కొన్నాను. తియ్యగా ఉంది, ఖరీదు ఎక్కువ. తోడు పెడితే విరిగిపోయింది.

బళ్ళో మధ్యాహ్న భోజనం పిల్లలకి పెట్టేముందు టీచర్లు రుచి చూడాలి. దాల్మా (పప్పూ కూరగాయలూ కలిపి వండేది) రోజున ఆ పని నాది, పైన నెయ్యి పోసి ఉంటుంది. గుడ్డు రోజున వేరే టీచరు చూస్తారు. గుడ్లు పిల్లలకి నా చేత్తోనే వడ్డిస్తాను, ఆ పిల్లలకి అది కావాలి, ఆ విషయంలో నాకు రెండో మాట లేదు. ఇక స్టాఫ్‌రూములో ఎవరింట్లో శుభకార్యమైనా ఛెనాపొడ (విరిచిన పాలతో కాల్చే తీపి) వస్తుంది. వద్దంటే వాళ్ళ మొహం చిన్నబోతుంది.

ఈమధ్య మూడింటికల్లా కాళ్ళు లాగుతున్నాయి. అరచేతుల్లో చీమలు పాకినట్టు ఉంటోంది. తిండి మార్చినందుకేనా? పెరుగు బదులు మీరేం తింటున్నారు, గంటలోపు డబ్బాలోకి ఏం వండుతున్నారు, చెప్పండి.


గంజికుండ (బరంపురం), మార్చి 8

అమ్మా, నాకు అరవై నాలుగేళ్ళు. పుట్టింది ఇచ్ఛాపురం, మెట్టింది బరంపురం. నేను నీలా పాలు కూడా మానేసిన వీగన్‌ని కాను, మా కోడలు మూడేళ్ళుగా అలా తింటోంది. దానికి వండిపెడుతూ కొంత నేర్చుకున్నాను, కొంత మరిచిపోయింది గుర్తొచ్చింది.

మా చిన్నప్పుడు ఇంట్లో ఉన్నది ఒక్క గేదె. అది వట్టిపోతే నెలల తరబడి ఇంట్లో పెరుగు చుక్క ఉండేది కాదు. అప్పుడు మా నాయనమ్మ ఏం పెట్టేది? తరవాణి. అంటే పులియబెట్టిన గంజి నీళ్ళు. ఆ నెలల్లో ఎవరూ భోజనం సగంలో లేచినట్టు అనుకోలేదు. మీ అత్తమ్మగారిని ఒకసారి అడుగు, వాళ్ళింట్లోనూ తరవాణి కుండ ఉండే ఉంటుంది. పెరుగు లేని తిండి అన్న మాట ఆవిడకి ఫ్రిజ్ వచ్చాక అలవాటైన మాటై ఉంటుంది.

ఇక్కడి ఒడియావాళ్ళు పఖాళ (నీళ్ళలో పులిసిన అన్నం) నీళ్ళని తొరాణి అంటారు. తొరాణి, తరవాణి, రెంటినీ పక్కపక్కన పలికి చూడు. ఈ నెల 20న పఖాళ దిబస అని ఒడిశా అంతా పండగ చేసుకునేది ఆ పులిసిన అన్నాన్నే. దహి పఖాళలో పెరుగు కలుపుతారు, మామూలు బాసి పఖాళలో చుక్క పాలుండవు.

చేసే తీరు చెప్తాను. కొత్త మట్టికుండని రెండు రోజులు నీళ్ళలో నాననివ్వు. గంజి వార్చి, బాగా చల్లారనిచ్చి కుండలో పొయ్యి. రెండు గుప్పిళ్ళ అన్నం, దానికి రెట్టింపు మంచినీళ్ళు, నలిపిన నిమ్మాకులు రెండు. మూతికి పల్చటి గుడ్డ కట్టి, పొయ్యికి దూరంగా చీకటి మూల పెట్టు. ఈ ఎండకి ఒక్క రాత్రి చాలు, చలికాలమైతే రెండు. పొద్దున్న మూత తీస్తే నిమ్మతొనలాంటి పులుపు వాసన రావాలి, పైన చిన్న బుడగలుంటాయి. కుళ్ళు వాసన వచ్చినా, రంగు బూజు పట్టినా జాలిపడకు, పారబోసి కుండ ఎండబెట్టు. తేట ముంచుకున్నాక అడుగున గుక్కెడు ఉంచి మళ్ళీ గంజి పొయ్యి. ఉప్పు మాత్రం కంచంలోనే. కుక్కర్లో వండితే గంజి రాదు కదా, అప్పుడు రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి అలాగే ఉంచినా సరిపోతుంది, పులుపు కాస్త తగ్గుతుంది. పచ్చి ఉల్లిపాయ, కాల్చిన వంకాయ, నలిపిన వడియాలు పక్కన పెట్టుకుంటే పది నిమిషాల్లో నీ పొద్దుటి తిండి అయిపోతుంది.

గట్టి పెరుగే కావాలంటే వేరుశెనగ గుళ్ళతో చెయ్యి. గ్లాసు గుళ్ళు రాత్రి నానబోసి, పొద్దున్న పొట్టు రుద్ది కడిగి, మూడు గ్లాసుల నీళ్ళతో మెత్తగా రుబ్బి గుడ్డలో పిండు. ఆ పాలు సన్నసెగన కలుపుతూనే ఉండాలి, చెయ్యి ఆపితే అడుగంటుతుంది. పొంగొచ్చాక ఐదు నిమిషాలు ఉంచి దించు. వేలు పెడితే ఓర్చుకునేంత వేడికి వచ్చాక పచ్చిమిరపకాయల తొడిమలు అరడజను వేసి మూతపెట్టు. మొదటి తోడు జారుగా ఉంటుంది, శెనగ వాసన కూడా తెలుస్తుంది. అందులోంచి చెంచాడు తీసి మర్నాటి పాలలో వేస్తే అది గట్టిగా పేరుకుంటుంది. అల్లం, కరివేపాకు, ఆవాలు పోపు పెట్టి మజ్జిగ చేశావంటే వాసన సంగతి ఎవరికీ గుర్తురాదు. పిండగా మిగిలిన పిప్పి వంకాయకూరలో కలిపెయ్యి, కమ్మగా ఉంటుంది.


రాయగడ నైట్‌షిఫ్ట్, మార్చి 9

అప్పా, నేను నాలుగేళ్ళుగా వీగన్‌ని. మిల్లులో షిఫ్టులు, ఒక్కడినే గదిలో ఉంటాను, ఒక పొయ్యి, ఒక కుక్కరు.

దాల్మా మీ బడి వంటే కదా, అదే మీ డబ్బాలోకి పెట్టుకోండి. కందిపప్పు, పచ్చిబొప్పాయి, గుమ్మడి, పచ్చి అరటి, వంకాయ, పసుపు, అన్నీ ఒకేసారి కుక్కర్లో మూడు కూతలు. నూనెలో పంచ ఫుటణ (ఐదు రకాల పోపుగింజలు), ఎండుమిర్చి పోపు, పైన కొబ్బరి కోరు. ముక్కలు రాత్రే తరిగి పెట్టుకుంటే పొద్దున్న ఇరవై నిమిషాల పని. బళ్ళో వంట చేసే ఆవిడతో "ఘిఅ పకాంతు నాహిఁ" (నెయ్యి వెయ్యొద్దు) అని ముందే చెప్పి, నెయ్యి పొయ్యకముందే ఒక గరిటె పక్కకి తీయించుకోండి. రుచి చూసే పనీ అయిపోతుంది. మా క్యాంటీనులో నేను చేసేది అదే. మొదటి వారం వింతగా చూశారు, ఇప్పుడు వాళ్ళే తీసి ఉంచుతున్నారు.

ఆదివారం ఒక్కపూట కష్టపడితే వారం గడుస్తుంది. ఉలవలు, బొబ్బర్లు మొలకగట్టడం, వలిసెల (ఒక రకం నూనెగింజలు) పొడి కొట్టుకోవడం, చోడి (రాగి) పిండి వేయించి పెట్టుకోవడం. రాత్రి షిఫ్టు దిగి వచ్చాక చోడంబలి కాచి, చల్లారాక పచ్చి ఉల్లిపాయతో తాగి పడుకుంటాను. అంబలిలో మజ్జిగ పోసుకునే అలవాటు నాకూ ఉండేది, ఇప్పుడు నిమ్మకాయ పిండుతున్నాను. టీ మానలేక నాలి చా (పాలు లేని టీ), అల్లం బెల్లం వేసి. మీల్‌మేకర్ వారానికి రెండుసార్లు. ఎండు బరువులో దాదాపు సగం మాంసకృత్తులే. వేడినీళ్ళలో నానాక గట్టిగా పిండి, ఆవముద్ద పట్టించి వేయించండి, లేకపోతే పచ్చివాసన కొడుతుంది.

ఒక మాట చెప్పాలని ఉంది. నాతో పనిచేసే కొండ ఊరి అన్న ఒకాయన, నేను పాలు తాగనంటే ఆశ్చర్యపోలేదు. "మా తాతలు ఆవుని పితికేవాళ్ళు కాదు, పాలు దూడవి కదా" అన్నాడు. మనవైపు కొండల్లో చాలా ఊళ్ళ పాత పద్ధతి అదేనట, ఆవు దుక్కికీ పెంటకీనే. మీరు శాలలో చూసి అనుకున్నది ఈ కొండలకి కొత్త మాట కాదప్పా.


జయపురం డ్యూటీ, మార్చి 9

టీచరుగారూ, నేను స్టాఫ్‌నర్సుని. పైన వంటలు చదివి నోరూరింది, కానీ నాకు మీ అరచేతుల్లో చీమలు పాకడం దగ్గరే చూపు ఆగిపోయింది. రేపే బి12 (నరాలకి కావాల్సిన విటమిన్) పరీక్ష చేయించుకోండి, దాంతోపాటు హిమోగ్లోబిన్ కూడా.

రెండు నెలలు పాలు మానినందుకే ఇలా అవదు. బి12 కాలేయంలో ఏళ్ళకి సరిపడా నిలవ ఉంటుంది. చిన్నప్పటి నుంచీ మాంసం, గుడ్డు లేకుండా పల్చటి మజ్జిగతో పెరిగినవాళ్ళలో ఆ నిలవ ముందే తరిగి ఉండొచ్చు. కాబట్టి అత్తమ్మగారు కనుమని తప్పుపట్టక్కర్లేదు. అలాగని ఇకముందు తిండితో సర్దుకుంటుందనీ అనుకోవద్దు. ఆకుకూరల్లో, చోళ్ళలో, మొలకల్లో బి12 లేదు. తరవాణిలో ఉంటుందని కొందరంటారు, దాన్ని నమ్ముకుని మాత్ర మానకండి. తక్కువ ఉన్నా చాలాకాలం రక్తహీనత కనబడకపోవచ్చు, ఈలోపు నరాలు దెబ్బతింటాయి. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

పాలు కూడా మానినవాళ్ళు జీవితాంతం బి12 వేసుకోవాల్సిందే. బ్రిటన్ వీగన్ సొసైటీ చెప్పే లెక్క రోజుకి కనీసం 10 మైక్రోగ్రాములు, లేదా వారానికి ఒకసారి 2000. మీకు పరీక్షలో తక్కువ వస్తే మోతాదు డాక్టరు చెప్తారు, ముందు సూదులు కూడా ఇవ్వొచ్చు. క్యాప్సూల్ గుల్ల చాలావాటిలో జెలటిన్, అంటే పశువుల ఎముకలు, తోళ్ళనుంచి తీసింది. బిళ్ళ అడగండి. విటమిన్ డి3 ఎక్కువగా గొర్రెబొచ్చు కొవ్వునుంచి తీస్తారు, అది కూడా అడిగి కొనండి.

కాల్షియానికి దిగులు లేదు. చోళ్ళలో 100 గ్రాములకి సుమారు 350 మిల్లీగ్రాములు, పొట్టు తీయని నువ్వుల్లో 1200 పైనే. రోజూ రెండు చెంచాల నువ్వులపొడి అన్నంలో కలుపుకోండి. ఇనుము కోసం మొలకల మీద నిమ్మరసం పిండండి. తమ్ముడు చెప్పిన నాలి చా మాత్రం తిన్న గంట తరవాతే, తిండితోపాటు తాగితే ఇనుము ఒంటికి సరిగా పట్టదు.

బిస్కెట్లూ అవీ కొనేటప్పుడు ఆకుపచ్చ చుక్క చూసి మోసపోవద్దు, పాలపొడి ఉన్నా ఆ చుక్క ఉంటుంది. 2022 నిబంధనల తరవాత వీగన్ సరుకుకి వేరే గుర్తు ఉంది, ఆకుపచ్చ 'వి' అక్షరం మీద చిన్న ఆకు.


మహేంద్రతనయ, మార్చి 23

అందరికీ ఎంత చెప్పినా తక్కువే. పరీక్షలో బి12 బాగా తక్కువ వచ్చింది. డాక్టరుగారు పాత రిపోర్టులు తెమ్మన్నారు. రెండో కాన్పప్పటి కాగితంలోనే తక్కువ ఉందట, అప్పుడు ఎవరూ మాకు చెప్పలేదు. ఆరేళ్ళు తెలియకుండా తిరిగానని తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంది. సూదులు మొదలయ్యాయి, తరవాత బిళ్ళ. చేతుల తిమ్మిరి ఇంకా పోలేదు, టైం పడుతుందన్నారు.

పెద్దమ్మా, మీరన్నట్టే అత్తమ్మని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తరవాత అటకమీది కుండ మా ఆయనచేత దింపించారు. వాళ్ళమ్మ నిమ్మాకు కాదు, నారింజాకు వేసేదట. మొదటి కుండ పాడైంది, గంజి వేడిగా ఉండగానే పోసేశాను. రెండోది కుదిరింది. 20న స్టాఫ్‌రూములో అందరూ పఖాళ తెచ్చుకున్నారు, నేను తరవాణి అన్నం, నువ్వులపొడి, కాల్చిన వంకాయ పట్టుకెళ్ళాను. నా పక్క కుర్చీ టీచరు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇది మా అమ్మమ్మ తొరాణి" అంది. ఇక ఛెనాపొడ వచ్చినప్పుడు ఎందుకు వద్దంటున్నానో ఆమెకి నేను చెప్పక్కర్లేకుండా పోయింది.

దాల్మా గరిటె పక్కకి తీయించడం కూడా కుదిరింది, తమ్ముడూ. వంట చేసే ఆవిడ ఏమీ అడగలేదు, గిన్నె మార్చింది అంతే.

పల్లీ పెరుగు మూడోసారికి గట్టిగా తోడుకుంది. నిన్న కూర తరుగుతూ అత్తమ్మ మిరపకాయ తొడిమలు పారెయ్యకుండా చిన్న ప్లేటులో విడిగా పెట్టారు, నేను అడగలేదు.

ఒక్క సందేహం. శ్రీరామనవమికి వడపప్పు, పానకం ఎలాగూ మనకి ఇబ్బంది లేదు. పిల్లలు ఆవడలు కావాలంటున్నారు. వేడి గారెలు ఈ పెరుగులో వేస్తే విరిగిపోతుందా? గారెలు ముందు నీళ్ళలో ముంచి పిండి వెయ్యాలా, పెద్దమ్మా?