పాస్టన్ల పుట్టుపూర్వోత్తరాలు: రాజు ఒప్పుకున్న వంశావళినా, విరోధుల కాగితాన్నా, దేన్ని నమ్మాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఇంగ్లండ్ తూర్పు తీరంలోని నార్ఫోక్ ప్రాంతంలో పదిహేనవ శతాబ్దంలో పెద్ద భూస్వాములుగా ఎదిగిన పాస్టన్ కుటుంబం గురించి కొంతకాలంగా చదువుతున్నాను. వారి ఉత్తరాలు, దస్తావేజులు కలిపి వెయ్యికి పైగా నిలిచి ఉన్నందువల్ల 1420 తర్వాతి తరాల విషయంలో పెద్దగా సందేహాలు లేవు. 1429లో కామన్ ప్లీస్ కోర్టు (ప్రజల మధ్య భూమి, అప్పు వంటి దావాలు విచారించే రాజ న్యాయస్థానం) న్యాయమూర్తి అయిన విలియం, ఆయన భార్య ఆగ్నెస్ బెర్రీ, వారి పెద్ద కొడుకు జాన్, అతని భార్య మార్గరెట్ మాట్బీ, ఆ దంపతుల కొడుకుల్లో జాన్ అనే పేరే పెట్టుకున్న ఇద్దరు: ఇంతవరకూ దారి తేటగానే ఉంది. నా చిక్కంతా విలియం తండ్రి క్లెమెంట్ దగ్గర, ఆయనకు ముందు తరాల దగ్గర ఉంది.

ఈ విషయంలో రెండు కాగితాలు ఒకదానికొకటి పూర్తి విరుద్ధంగా మాట్లాడుతున్నాయి. న్యాయమూర్తి కొడుకు జాన్ 1466 మేలో చనిపోయాడు. అదే సంవత్సరం కుటుంబం వారు పాత దస్తావేజులు, మేనర్ (ఒక ప్రభువు ఎస్టేటు) కోర్టు నమోదులున్న తోలు చుట్టలు రాజు నాలుగవ ఎడ్వర్డ్ ముందు పెట్టి, తాము నార్మన్లు ఇంగ్లండ్‌ను జయించిన 1066 నాటి నుంచి వస్తున్న గౌరవప్రదమైన వంశమని ఒప్పించుకున్నారు. అదే శతాబ్దంలో పాస్టన్ల విరోధుల తరఫున తయారైన మరో కాగితం మాత్రం క్లెమెంట్ ఏడాది పొడవునా తన నాగలి వెంట తానే నడిచిన మామూలు రైతని చెబుతుంది. జీను లేని గుర్రం మీద ధాన్యం వేసుకుని, దానిపైనే కూర్చుని పిండిమరకు వెళ్లేవాడట. వింటర్టన్‌కు బండి తోలుకుపోయి గింజలు అమ్ముకునేవాడట. ఉన్న భూమి మహా అయితే నూట ఇరవై ఎకరాలని, అందులో చాలా భాగం గిమింగమ్ హాల్ మేనర్ కింద వెట్టి షరతుల మీద (ప్రభువుకు కట్టుబడి చాకిరీ చేస్తూ) సాగుచేసుకునే భూమి అని, ఆయన భార్య స్వతంత్రురాలు కాదని, కొడుకు విలియంను చదివించడానికి అప్పు చేశాడని కూడా అందులో ఉంది.

నేను అడగదలచుకున్నవి రెండు. ఈ తగవును తేల్చగల న్యాయస్థాన రికార్డులు ఏవి? పదమూడవ శతాబ్దపు పత్రాల్లో అక్కడక్కడా కనిపించే ‘పాస్టన్‌కు చెందిన ఫలానా వ్యక్తి’ని ఈ కుటుంబానికి పూర్వీకుడిగా లెక్కవేయవచ్చా? తెలిసినవారు వివరిస్తే కృతజ్ఞుణ్ణి.

మొదటి సమాధానం

మీ ప్రశ్నలో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. క్లెమెంట్ ఎవరి కొడుకు అన్నది వంశానికి సంబంధించిన విషయం. అతను స్వతంత్రుడా, వెట్టి రైతా అన్నది చట్టంలో అతని స్థితికి సంబంధించిన విషయం. విరోధుల కాగితం అసలు గురి పెట్టింది రెండోదాని మీద. ఎందుకో తెలిస్తే ఆ కాగితాన్ని ఎలా చదవాలో తెలుస్తుంది.

గిమింగమ్ మేనర్ లాంకాస్టర్ డచీ (లాంకాస్టర్ డ్యూకుల ఎస్టేటు) ఆస్తి. 1399లో నాలుగవ హెన్రీ సింహాసనం ఎక్కడంతో ఆ డచీ రాజు చేతికి వచ్చింది. వెట్టి రైతు సంపాదించిన ఆస్తిని అతని ప్రభువు స్వాధీనం చేసుకోవచ్చునని నాటి చట్టం. అంటే పాస్టన్లు గిమింగమ్ వెట్టి రైతుల సంతతి అని రుజువైతే, 1459లో మరణించిన సర్ జాన్ ఫాస్టాల్ఫ్ వీలునామా ఆధారంగా వారు తమదని చెప్పుకుంటున్న కేస్టర్ కోటతో సహా, న్యాయమూర్తి విలియం జీవితమంతా కూడబెట్టిన మేనర్లన్నీ ప్రమాదంలో పడతాయి. నాగలి గురించి, జీను లేని గుర్రం గురించి అంత వివరంగా రాయడం ఊరికే ఎగతాళి కోసం కాదు. ఆస్తి హక్కును పునాదితో సహా పెకలించడానికి. రాజు ముందు పెట్టిన పత్రాల్లోనూ ఇదే కనిపిస్తుంది. ‘మాకే సొంత మేనర్ కోర్టు ఉండేది, మాకే వెట్టి రైతులు ఉండేవారు’ అని పాస్టన్లు నొక్కి చెప్పుకున్నది ఈ ఆరోపణకు సూటి జవాబుగానే.

ఇప్పుడు చట్టం సంగతి చూద్దాం. పాస్టన్ల కాలంలోనే కామన్ ప్లీస్ కోర్టులో న్యాయమూర్తిగా ఉండి 1481లో మరణించిన థామస్ లిటిల్టన్ భూమి హక్కులపై రాసిన గ్రంథంలో రెండు సూత్రాలు స్పష్టంగా చెప్పాడు. వెట్టి షరతుల మీద భూమి సాగుచేసినంత మాత్రాన స్వతంత్రుడు వెట్టి రైతు అయిపోడు. భూమి స్థితి వేరు, మనిషి స్థితి వేరు. ఇక స్వతంత్రుడైన పురుషుడు వెట్టి కుటుంబపు స్త్రీని పెళ్లాడితే వారి పిల్లలు తండ్రి స్థితినే పొంది స్వతంత్రులవుతారు. ఈ రెండింటినీ పక్కన పెట్టుకుని ఆ కాగితాన్ని మళ్లీ చదవండి. క్లెమెంట్ నాగలి దున్నాడు, వెట్టి భూమి సాగుచేశాడు, భార్య స్వతంత్రురాలు కాదు: ఇవన్నీ అక్షరాలా నిజమే అనుకున్నా, క్లెమెంట్ స్వయంగా వెట్టి రైతుకు పుట్టినవాడని చూపితే తప్ప న్యాయమూర్తి విలియం వెట్టివాడు కాడు. మీరు చెప్పిన వివరాల్లో ఆ ఒక్క ముక్కే లేదు. నా దృష్టిలో ఆ కాగితం చెప్పిన జీవన వివరాలు నమ్మదగినవే, దాని నుంచి తీయదలచిన ముగింపే నిలవదు.

దీన్ని పరీక్షించడానికి వెతకవలసినవి మేనర్ కోర్టు చుట్టలు. కూతురికి పెళ్లి చేసినప్పుడు వెట్టి రైతు ప్రభువుకు రుసుము చెల్లించాలి. మరణిస్తే అతని ఉత్తమమైన పశువును సమర్పించాలి. వారసుడు భూమిలోకి వచ్చేటప్పుడు ప్రవేశ రుసుము కట్టాలి. ఇవన్నీ ఆ చుట్టల్లో తండ్రి పేరుతో, వారసుడి పేరుతో సహా నమోదయ్యేవి. ప్రభువు ఒక మనిషిని తన వెట్టి రైతని వ్యాజ్యం వేస్తే, ఆ మనిషి రక్త బంధువులనే కోర్టుకు తెచ్చి, తాము వెట్టివారమని వారి చేత ఒప్పించవలసి వచ్చేది. ఆ సందర్భంలో ముత్తాత నుంచి మొదలుపెట్టి శాఖలతో సహా వంశక్రమం కోర్టులో చదివేవారు. ఈ కారణంగానే కొన్ని పేద రైతు కుటుంబాల వంశవృక్షాలు చిన్న భూస్వాముల వాటికంటే నిండుగా దొరుకుతాయి.

రెండవ సమాధానం

పై సమాధానంతో ఏకీభవిస్తూ, మీ రెండో ప్రశ్నకు వస్తాను. పాస్టన్ అన్నది ఊరి పేరు. ఆ ఊరు విడిచి నారిచ్‌లోనో యార్‌మత్‌లోనో స్థిరపడిన ఎవరినైనా ‘పాస్టన్‌వాడు’ అని రాసేవారు. వారి మధ్య రక్తసంబంధం ఉండనవసరం లేదు. కాబట్టి పేరు కలిసినంత మాత్రాన ఎవరినీ పూర్వీకుడిగా చేర్చకండి. పేరుతో పాటు భూమి కూడా కలవాలి: అదే పొలం, అదే మేనర్, అదే కౌలు షరతు ఒకరి నుంచి ఇంకొకరికి వారసత్వంగా వచ్చినట్టు కనిపించాలి.

అందుకు పనికివచ్చే మొదటి వనరు ఫీట్ ఆఫ్ ఫైన్స్. భూమి బదిలీని కోర్టులో రాజీ రూపంలో నమోదు చేసి, ఒకే తోలు పత్రం మీద ఆ రాజీని మూడుసార్లు రాసి, అలల్లా వంకరగా కోసేవారు. ఇరు పక్షాలకు చెరొక ముక్క ఇచ్చి, అడుగు ముక్కను 1195 నుంచి రాజ ఖజానాలో భద్రపరిచారు. ఈ పద్ధతి 1833లో రద్దయ్యేదాకా సాగింది. భర్తతో పాటు భార్య పేరు, ఒక్కోసారి ఆ భూమిపై ఆమెకు హక్కు ఎలా వచ్చిందో కూడా ఇందులో ఉంటాయి.

రెండవది, ఇంకా విలువైనది, ప్లీ రోల్స్ అనే వ్యాజ్యాల చుట్టలు. రాజ న్యాయస్థానపు చుట్టలు 1194 నుంచి ఉన్నాయి. కామన్ ప్లీస్ కోర్టుకు ప్రత్యేకమైన వరుస 1273లో మొదలవుతుంది. ఒక్కో కోర్టు కాలానికి వందల కొద్దీ పొడవైన తోలు పత్రాలను తలభాగం దగ్గర కలిపి కుట్టేవారు. ఇరువైపులా కుదించిన లాటిన్‌లో దట్టంగా రాసి, ఎడమ అంచున మాత్రం కౌంటీ పేరు విడిగా వేసేవారు. నార్ఫోక్ కేసులు కావాలంటే ఆ అంచు వెంట కళ్లు నడిపించాలి. భూమిపై హక్కు కోరే వాది, ఫలానా రాజు కాలంలో ఫలానావాడి స్వాధీనంలో ఉన్న భూమి, అతని నుంచి కొడుకు, వారసుడు అయిన ఫలానావాడికి, అతను సంతానం లేకుండా పోతే తమ్ముడికి, అక్కడి నుంచి మనుమడికి సంక్రమించిందని మెట్టు మెట్టుగా చెప్పాలి. మన దగ్గర దాయాదుల దావాలో వాదపత్రానికి వంశవృక్షం జతచేసినట్టే ఇదీ. భూమిపై హక్కును తేల్చే ‘రైట్’ అనే దావాలో 1189 వరకూ వెనక్కి వెళ్లవచ్చని 1275 నాటి చట్టం హద్దు పెట్టినందువల్ల, పదమూడవ శతాబ్దం చివర వేసిన వ్యాజ్యాల్లో కూడా వందేళ్ల వెనకటి పూర్వీకుడు ప్రత్యక్షమవుతాడు.

అయితే ఆ క్రమంలో హక్కు నడిచిన దారి మాత్రమే ఉంటుంది. దావాకు అక్కరలేని చిన్న కొడుకులు, కట్నం పుచ్చుకుని వెళ్లిపోయిన కూతుళ్లు అందులో కనిపించరు. తల్లులు వేరైన అన్నదమ్ములు ఒకరికొకరు వారసులు కాలేరన్నది నాటి నియమం కనుక, రెండు పెళ్లిళ్లు ఉన్న కుటుంబాల్లో మాత్రం ఎవరు ఏ తల్లి బిడ్డో తప్పనిసరిగా బయటపడుతుంది.

ప్రశ్న అడిగినవారి స్పందన

ఇద్దరికీ ధన్యవాదాలు. భూమి స్థితి, మనిషి స్థితి వేరన్న మాట నాకు చాలా తెరిపినిచ్చింది. ఇంకొక్క సందేహం. చనిపోయిన భూస్వామి వారసుడి పేరు, వయసు జూరీ చేత చెప్పించే మరణానంతర విచారణల గురించి మీరు ప్రస్తావించలేదు. క్లెమెంట్ పేరుతో అలాంటి విచారణ నాకు దొరకలేదు. దీన్ని ఆయన పేదరికానికి రుజువుగా తీసుకోవాలా? న్యాయస్థాన రికార్డులతోనే వంశక్రమం గట్టిగా నిలబడిన కుటుంబం ఏదైనా ఉంటే, పోల్చి చూసుకోవడానికి చెప్పగలరా?

మూడవ సమాధానం

రుజువుగా తీసుకోకూడదు. ఆ విచారణలు ప్రధానంగా రాజు నుంచి నేరుగా భూమి పొందినవారు చనిపోయినప్పుడు జరిగేవి. మరో ప్రభువు కింద భూమి ఉన్నవాడు ఎంత సంపన్నుడైనా వాటిలో కనిపించకపోవచ్చు. క్లెమెంట్ విషయంలో మనకు ఉన్న మంచి పత్రం 1419 నాటి ఆయన వీలునామా. పాస్టన్ ఊరి చర్చిలో భార్య బియాట్రిస్ సమాధి పక్కన తనను పూడ్చమని అందులో కోరాడు. ఆ కోరిక రాసేటప్పుడు వంశ గౌరవం మీద ఎవరికీ తగవు లేదు. అందుకే మీరు చెప్పిన ఆ రెండు కాగితాల కంటే నేను దానికి ఎక్కువ విలువ ఇస్తాను.

విచారణల్లో చెప్పే వయసుల గురించి ఒక జాగ్రత్త. ఎస్చీటర్ అనే రాజోద్యోగి ముందు స్థానికులు ప్రమాణం చేసి వారసుడి వయసు చెప్పేవారు. వారసుడు పెద్దవాడైతే ‘ముప్పై, ఆపైన’ వంటి గుండు లెక్క సరిపోయేది. మైనరైతే అతని సంరక్షణ, పెళ్లి నిశ్చయించే హక్కు రాజుకు ఆదాయం కనుక, వయసును మరింత శ్రద్ధగా అడిగేవారు. అలాంటి మైనరు 21 ఏళ్లు నిండి భూమి తిరిగి అడిగినప్పుడు జరిగే వయసు నిరూపణలో, ‘అదే రోజు నా కొడుకు పుట్టాడు’, ‘అదే రోజు గుర్రం మీద నుంచి పడి కాలు విరిగింది’ అని సాక్షులు చెప్పే మాటలు చదవడానికి ఎంతో బాగుంటాయి. కానీ అవే జ్ఞాపకాలు వేర్వేరు కౌంటీల్లో ఇంచుమించు ఒకే వరుసలో కనిపిస్తాయి కనుక, పుట్టిన తేదీకి వాటి ఒక్కదాని మీదే ఆధారపడకూడదు.

పోలికకు గ్లోస్టర్‌షైర్‌లోని బర్క్‌లీ కుటుంబాన్ని తీసుకోండి. 1349లో మూడవ థామస్ బర్క్‌లీ తన భూములను మగ సంతతికే చెందేలా ఫైన్ (పైన చెప్పిన కోర్టు రాజీ) ద్వారా కట్టుదిట్టం చేశాడు. ఆయన మనుమడు థామస్ 1417లో చనిపోయేసరికి కొడుకులు లేరు. ఉన్నది ఒక్క కూతురు ఎలిజబెత్, ఆమె వారిక్ ఎర్ల్ రిచర్డ్ బోషాం భార్య. మరో వైపు తమ్ముడి కొడుకు జేమ్స్. 1349 నాటి షరతు ప్రకారం కోట, దాని మేనర్లు తనవని జేమ్స్, రక్తంలో తానే దగ్గరిదాన్నని ఎలిజబెత్ వాదించారు. ఆ తగవు తరాల తరబడి సాగి, 1470 మార్చిలో నిబ్లీ గ్రీన్ దగ్గర జేమ్స్ కొడుకు విలియంకూ, ఎలిజబెత్ మునిమనుమడైన లైల్ ప్రభువుకూ మధ్య నేరుగా యుద్ధంగా మారి, లైల్ ప్రాణం తీసింది. చివరి రాజీ 1609లో గానీ కుదరలేదు. దాదాపు రెండు వందల ఏళ్లు ప్రతి తరంలోనూ ఎవరు ఎవరి బిడ్డో కోర్టులో చెప్పవలసి వచ్చింది. చెప్పిన ప్రతిసారీ ఎదుటి పక్షం దాన్ని తప్పుపట్టడానికి కాచుకుని ఉంది. అంత వైరం మధ్య ఇరుపక్షాలూ కాదనకుండా ఒప్పుకున్న సంబంధాలు గట్టివి.

పాస్టన్ల 1466 వంశావళికి అలాంటి పరీక్ష ఎదురుకాలేదు. కుటుంబం తాను ఎంచుకున్న పత్రాలను తానే చూపించింది, రాజకీయ అవసరాలున్న రాజు ఒప్పుకున్నాడు. కాబట్టి మీరు 1419 నుంచి వెనక్కి నడవండి. వీలునామాలో పేర్కొన్న మనుషులను, ఆ ఊళ్లోని పొలాలను గుర్తుపెట్టుకుని, పద్నాలుగవ శతాబ్దం చివరి కామన్ ప్లీస్ చుట్టల్లో నార్ఫోక్ కేసులు చూడండి. లండన్‌లోని క్యూ (Kew) అనే ప్రాంతంలోని జాతీయ అభిలేఖాగారంలో ఉన్న ఆ చుట్టల ఫోటోలను హ్యూస్టన్ విశ్వవిద్యాలయం వారు ఆంగ్లో అమెరికన్ లీగల్ ట్రెడిషన్ అనే సైటులో ఉచితంగా ఉంచారు. చుట్టల మీద తేదీలు రాజు పాలనా సంవత్సరంతో, మైకెల్మస్, హిలరీ, ఈస్టర్, ట్రినిటీ అనే నాలుగు కోర్టు కాలాలతో ఉంటాయి. రాజు సింహాసనం ఎక్కిన తేదీ నుంచి పాలనా సంవత్సరం మొదలవుతుంది కనుక, రెండవ రిచర్డ్ కాలపు చుట్టలకు 1377 జూన్ 22 నుంచి లెక్క కట్టుకోండి. క్లెమెంట్ తండ్రి పేరు ఏదైనా అప్పు దావాలోనో, గట్టు తగాదాలోనో కనిపిస్తే, కోర్టు కాలం, పత్రం సంఖ్యతో సహా ఇక్కడ రాయండి, ఆ లాటిన్ పంక్తులను అందరం కలిసి చదువుదాం.