పోలియెవ్‌ని ఓడించింది మీడియానేనా?

కాల్గరీ చలి:
2025 ఏప్రిల్ 28న కెనడా ఎన్నికల్లో లిబరల్ నాయకుడు కార్నీ గెలిచాడు సరే. కన్సర్వేటివ్ నాయకుడు పోలియెవ్ 2004 నుంచి ఎంపీ, ఒట్టావా పక్కన కార్ల్‌టన్‌లో సొంత సీటే పోయింది. జనవరిలో అప్పటి ప్రధాని ట్రూడో దిగిపోతానన్నప్పుడు సర్వేల్లో ఎంత ముందున్నాడో గుర్తుందా? నాలుగు నెలల్లో జనం అంత మారతారా? మీడియా కార్నీని కేంద్ర బ్యాంకు మాజీ గవర్నర్ గారని నెత్తిన పెట్టుకుంది, ఇంకొకాయన్ని బుల్లి ట్రంప్‌ని చేసింది. సాక్ష్యం కావాలా? 2024 సెప్టెంబరులో కార్బన్ ట్యాక్స్ మీద ఎన్నిక పెట్టాలని పోలియెవ్ అన్న మాటని ముక్కలు చేసి ప్రభుత్వ డెంటల్ కేర్ పథకం వార్తలో అతికించారు. తర్వాత క్షమాపణ చెప్పి ఇద్దరు ఉద్యోగుల్ని పంపేశారు. మన పన్నుల్లోంచి ఏడాదికి 140 కోట్ల డాలర్లు ఇందుకేనా?

మిస్సిసాగా బాబాయ్:
ఆ క్లిప్పు వేసింది సీటీవీ అండీ. బెల్ అనే టెలికాం కంపెనీ వాళ్లది, ప్రైవేటు. 140 కోట్లు తీసుకునేది సీబీసీ, ప్రభుత్వ ప్రసార సంస్థ. అత్త మీద కోపం దుత్త మీదా?

కాల్గరీ చలి:
ఏదైతేనేం, అన్నీ ఒకే తానులో ముక్కలు.

మిస్సిసాగా బాబాయ్:
ఏదైతేనేం అంటే కుదరదు. కార్నీని తన పాత కంపెనీ బ్రూక్‌ఫీల్డ్‌లోని ఆస్తుల సంగతి అడిగింది ఎవరు? మీరు తిట్టే సీబీసీలోని రోజ్‌మేరీ బార్టన్. ఆయన మొహం మాడ్చుకుని ఆవిడకే క్లాసు పీకాడు, అది దేశమంతా చూసింది. అదేనా నెత్తిన పెట్టుకోవడం? మీ నాయకుడేమో ప్రచార విమానంలో విలేకరుల్ని ఎక్కనివ్వలేదు. సభకి నాలుగే ప్రశ్నలు, అవి ఎవరు అడగాలో కూడా ఆయన మనుషులే చెప్పేవారు. ఇంత చేసి మీడియా అన్యాయం చేసిందంటే, కొట్టి మొగసాలకెక్కినట్టే. పైగా నేషనల్ పోస్ట్, టొరంటో సన్ పత్రికలు ఎవరివైపో నన్ను అడక్కండి, వాటి కంపెనీలో పెద్ద వాటా ఎవరిదో చూడండి. అమెరికా హెడ్జ్ ఫండ్‌ది.

వింటర్ జాకెట్:
2023 ఆగస్టు నుంచి ఇక్కడ ఫేస్‌బుక్‌లో వార్తలే రావు. మీరంతా ఏ మీడియా చూసి కొట్టుకుంటున్నారో!

కాల్గరీ చలి:
బాబాయ్ గారూ, ఒక్కదానికి జవాబు చెప్పండి. సీబీసీకి డబ్బు ఆపేస్తానని పోలియెవ్, ఇంకో 15 కోట్లు ఎక్కువిస్తానని కార్నీ. మీరు అక్కడ ఉద్యోగి అయితే ఎవరు గెలవాలని మొక్కుకుంటారు?

మిస్సిసాగా బాబాయ్:
ముందు అది సీటీవీ అని ఒప్పుకోండి, తర్వాత చెప్తా.

నైట్ షిఫ్ట్:
ఇద్దరికీ దండం. పోయినేడు ఒక ఛానల్ వాళ్లు ఇళ్ల కొరత అంటూ మా బేస్‌మెంట్‌కి వచ్చారు. నలభై నిమిషాలు మాట్లాడాను. ఫీజులు, వర్క్ పర్మిట్ గడువు, ఏజెంటు మోసం, అన్నీ చెప్పాను. ప్రసారంలో నా గొంతే లేదు. నేల మీద ఐదు పరుపులు, పక్కన రైస్ కుక్కర్, దాని మూత మీద గరిటె. ఆరు సెకన్లు. మా అమ్మ చూసి ఏడ్చింది. 2025 మార్చి 25న శాశ్వత నివాసానికి పాయింట్లు లెక్కేసే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో జాబ్ ఆఫర్ పాయింట్లు తీసేశారు. ఎన్నిక ప్రకటించి రెండు రోజులే. నాకు 50 పోయాయి. టీవీ పెడితే ట్రంప్ టారిఫ్‌లే. దీని గురించి ఎవరైనా ఆ ఇద్దరు నాయకుల్నీ నిలదీశారా?

మిస్సిసాగా బాబాయ్:
తమ్ముడూ, ఇక్కడ టాపిక్ అది కాదు. అయినా 2003లో మాకెవరూ పాయింట్లు ఊరికే ఇవ్వలేదు. మైనస్ ఇరవైలో రెండు బస్సులు మారి ఫ్యాక్టరీకి వెళ్లాం. మీ బ్యాచ్‌లు గుంపులు గుంపులుగా దిగాకే మాకూ చెడ్డపేరు. మొన్న బ్యాంకులో ఆ పిల్ల నన్నూ స్టూడెంటువా అని అడిగింది, యాభై ఆరేళ్లు నాకు!

కాల్గరీ చలి:
ఈ విషయంలో మాత్రం బాబాయ్ గారి మాటే నాది.

నైట్ షిఫ్ట్:
చూశారా! పొద్దున్నించి సీటీవీ, సీబీసీ అని జుట్లు పట్టుకున్నారు. నన్ను తోసెయ్యడానికి ఒక్క నిమిషంలో కలిసిపోయారు. మీ ఇద్దరికీ ఓటుంది, ఇల్లుంది. ఇంటి ధర పడకూడదు, మేం మాత్రం పోవాలి. మీ బేస్‌మెంట్ అద్దె ఎంత బాబాయ్?

మిస్సిసాగా బాబాయ్:
అది నా సొంత విషయం.

మిస్సిసాగా బాబాయ్:
1,500 డాలర్లు. హీటింగ్, వైఫై కలిపే.

వింటర్ జాకెట్:
ఖాళీగా ఉందా అండీ?