నాటక సమాజం నడపడం ఎక్కడ నేర్చుకోవాలి?

తెర వెనక (తెనాలి)
నమస్కారమండీ. మాది తెనాలి దగ్గర చిన్న నాటక సమాజం. పద్దెనిమిదేళ్లుగా అందులో వేషాలు వేస్తున్నాను. జనవరిలో మా కార్యదర్శి గారు పోయారు. కార్యవర్గం వాళ్లంతా కలిసి ఆ బాధ్యత నాకు అప్పగించారు. వాళ్లింటి నుంచి మూడు సంచుల కాగితాలు తెచ్చుకున్నాను: వోచర్లు, కరెంటు బిల్లులు, కిరీటాలకు అడ్వాన్సు ఇచ్చిన చీటీలు. ఏ దాతను ఎప్పుడు కలవాలి, హాలు వాళ్లతో ఎవరు మాట్లాడాలి, అంతా ఆయనకు నోటికే తెలుసు. ఎక్కడా రాసిపెట్టలేదు.

పోయిన నెల ఒక పెద్దాయన 25 వేలు ఇస్తానని 80జీ రసీదు (దాతకు ఆదాయపు పన్నులో మినహాయింపు వచ్చే రసీదు) అడిగారు. చూస్తే మా సమాజానికి ఉన్న 80జీ అనుమతి గడువు దాటి ఏడాదైంది. ఆ టెన్షన్‌తో రాత్రంతా నిద్ర లేదు. నటన నేర్పేవాళ్లు ఉన్నారు, మరి సమాజం నడపడం నేర్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

లెక్కల మాస్టారు
అమ్మా, ముందు 80జీ సంగతి చూడండి. పూర్వం ఒకసారి వస్తే అలా ఉండిపోయేది. 2021 ఏప్రిల్ నుంచి దానికి గడువు పెట్టారు, అది ముగియడానికి ఆరు నెలల ముందే రెన్యువల్‌కి పెట్టుకోవాలి. ఈ వారమే ఆడిటర్ని కలవండి. అది మళ్లీ వచ్చేదాకా ఏ రసీదు మీదా 80జీ అని రాయకండి, పెద్దాయనకు ఉన్నమాట చెప్పేయండి. సమాజం ఆదాయానికి పన్ను మినహాయింపు ఇచ్చే 12ఏ నమోదు గడువు కూడా చూసుకోండి. కేంద్ర సాంస్కృతిక శాఖ గ్రాంటు అడగాలంటే స్వచ్ఛంద సంస్థల వివరాలుండే నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్లో నమోదు ఉండాలి.

హార్మోనియం
నాటక బృందాలు నడిపేవాళ్ల కోసమే 'స్మార్ట్' అని ఒక శిక్షణ ఉంది. బెంగళూరు ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్, ఇండియా థియేటర్ ఫోరం, ముంబైలోని జునూన్ కలిసి మొదలుపెట్టారు. కొత్త బ్యాచ్ ఎప్పుడో ఫౌండేషన్‌కి మెయిల్ రాసి అడగండి. ఒక్క మాట చెల్లెమ్మా, ఏ శిక్షణకు వెళ్లినా ఒక్కరే వెళ్లకండి, కుర్రవాళ్లలో ఒకరిని వెంట తీసుకెళ్లండి. మా ఊళ్లో అన్నీ తెలిసిన ఒక్క మనిషి మంచాన పడితే రెండేళ్లు నాటకమే ఆడలేదు.

తెర వెనక (తెనాలి)
మాస్టారూ, అన్నయ్యా, మీ మేలు మరిచిపోను. పెద్దాయనకు ఫోన్ చేసి చెప్పాను. "రసీదు వచ్చాకే ఇస్తాలే, తొందరేముందమ్మా" అన్నారు. రేపు రిహార్సల్ ఆపి సంచులు మూడూ కింద పోస్తున్నాం. మా లైటింగ్ అబ్బాయి ల్యాప్‌టాప్ తెస్తానన్నాడు. ఆడిటర్ దగ్గరికి వాడినీ తీసుకెళ్తాను.