మౌంటెన్ వ్యూలో మిల్క్ పెయిల్ కొట్టు ఎక్కడికి మారింది? పాలు, ఆకుకూరలకి ఎక్కడికెళ్ళాలి?

అందరికీ నమస్కారం. మూడు వారాల క్రితం హెచ్4 వీసా మీద (మా ఆయన వర్క్ వీసాతో పాటు భార్యకిచ్చేది) కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూకి వచ్చాను. మా అపార్ట్‌మెంట్ శాన్ ఆంటోనియో కాల్‌ట్రెయిన్ స్టేషన్‌కి దగ్గర. చాలా ఏళ్ళ కిందట ఇక్కడ ఉండి వెళ్ళిన మా వదిన "పక్కనే మిల్క్ పెయిల్ ఉంది, కూరలకీ పాలకీ బెంగ పెట్టుకోకు" అని చెప్పి పంపింది. నిన్న సాయంత్రం కాలిఫోర్నియా స్ట్రీట్ అంతా తిరిగాను. అన్నీ పెద్ద బిల్డింగులే. కొట్టు ఎక్కడికైనా మారిందా? నాకింకా లైసెన్సు రాలేదు, కారు ఆయన ఆఫీసుకి తీసుకెళ్తారు. పెరుగుకి మంచి పాలు, ఆకుకూరలు ఎక్కడ దొరుకుతాయో కాస్త చెప్పండి.

—

మారలేదమ్మా, మూసేశారు. 2019 వేసవిలో. నువ్వు అంటున్నానని ఏమనుకోకు, మా అమ్మాయి ఈడుదానివై ఉంటావు. మీ వదిన చెప్పిన కొట్టుకి ఇన్నేళ్ళ తర్వాత కూడా ఒకరు వెతుక్కుంటూ వెళ్ళారంటే నాకు మనసు కలుక్కుమంది.

నేను 1999లో వచ్చాను. నీలాగే కారు లేదు, చంకలో పిల్ల. మిల్క్ పెయిల్ అప్పటికే పాతికేళ్ళ కొట్టు, 1974లో పెట్టారు. ముందు కారులోంచి దిగకుండా పాలు కొనుక్కుపోయే డెయిరీ అట. నేను చూసేసరికి సగం సంత, సగం కొట్టు. ఆరుబయటలా ఉండేది, చలికాలం ఉల్లిపాయలు ఏరుతుంటే వేళ్ళు కొంకర్లు పోయేవి. కూరలు చవక. నడవడానికి చోటు ఉండేది కాదు, ఒకరు పక్కకి ఒత్తిగిలితే ఇంకొకరు వెళ్ళాలి. రాత్రి పడుకునే ముందు అక్కడ కొన్న ఫ్రీజర్ క్రొసాన్లు (పొరలు పొరలుగా ఉండే బన్నులు, ఇంకా కాల్చనివి) పళ్ళెంలో పెట్టి వదిలేస్తే తెల్లారేసరికి బొద్దుగా పొంగి ఉండేవి. మా పిల్లలకి ఆదివారం అంటే అదే.

కానీ ఆ కొట్టు పేరు చెప్పగానే నాకు గుర్తొచ్చేది చీజ్ కౌంటర్. మేము గుడ్డు కూడా తినం. చీజ్‌లో పాలు గడ్డకట్టడానికి దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్ వేస్తారని నాకు అసలు తెలియదు. ఒకరోజు పార్మిజానో రెజ్జానో అనే ఇటలీ చీజ్ ముక్క చేతిలో పట్టుకుని నిలబడితే, కౌంటర్లో ఆవిడ "మీరు శాకాహారులా?" అని అడిగి, అది కింద పెట్టించింది. ఆ పేరుతో అమ్మాలంటే దూడ రెన్నెట్టే వాడాలి, అది రూలు అని చెప్పింది. తర్వాత సూక్ష్మజీవులతో చేసిన రెన్నెట్ వేసిన చీజ్ ఒకటి పల్చగా కోసి, కాగితం ముక్క మీద పెట్టి రుచి చూడమంది. అరగంట నాతో మాట్లాడింది. ఆ రోజు నేను కొన్నది చారెడు ముక్క. పెద్ద స్టోర్లలో ఆ చీజ్ అంతా ఉంది, అడిగితే చెప్పే మనిషి లేదు. నువ్వూ శాకాహారివైతే వెనకాల సన్న అక్షరాలు చదువు. 'మైక్రోబియల్' అనో 'వెజిటబుల్ రెన్నెట్' అనో ఉంటే తీసుకో. ఉత్త 'ఎంజైమ్స్' అని ఉంటే అది దేనిదో చెప్పలేం.

ఎందుకు మూసేశారని అడుగుతావేమో. చుట్టూ ఉన్న పాత షాపింగ్ సెంటర్ అంతా పడగొట్టి ఆఫీసులూ అపార్ట్‌మెంట్లూ కట్టారు. మిల్క్ పెయిల్ ఆయన తన జాగా అమ్మనని ఏళ్ళ తరబడి నిలబడ్డాడు. కానీ ఆ చిన్న జాగాలో కార్లు పెట్టుకునే చోటు ఎంతుంటుంది? పక్క స్థలం మీద ఆధారపడక తప్పేది కాదు. కొట్టు ఉండాలని ఊళ్ళోవాళ్ళు సిటీ కౌన్సిల్‌కి వెళ్ళి మాట్లాడారు. దాంతో మరికొన్నేళ్ళు నడిచింది. మొత్తం 45 ఏళ్ళు. ఆఖరి వారం నేనూ వెళ్ళాను, అరలు ఖాళీ అవుతుంటే ఏమీ కొనబుద్ధి కాలేదు.

ఇక పెరుగు సంగతి. గాజు సీసాలో వచ్చే స్ట్రాస్ కంపెనీ పాలు తీసుకో. హోమోజినైజ్ చెయ్యరు, అంటే మీగడ విడిపోకుండా పాలల్లో కలిపెయ్యరు, అందుకే సీసా మూతి దగ్గర మీగడ గడ్డకట్టి ఉంటుంది. సీసాకి డిపాజిట్ పట్టుకుంటారు, కడిగి తిరిగిస్తే వెనక్కిస్తారు, పారెయ్యకు. ఒక పొంగు రానిచ్చి, చిటికెనవేలు పెడితే చురుక్కుమనకుండా హాయిగా ఉన్నప్పుడు తోడెయ్యి. ఇక్కడి వంటింట్లో రాత్రి చలికి తోడుకోదు. ఓవెన్ వెలిగించకుండా లోపలి లైటు మాత్రం వేసి గిన్నె అందులో పెట్టు. తెల్లారేసరికి కత్తితో కోసేలా ఉంటుంది. 'అల్ట్రా పాశ్చరైజ్డ్' అని, అంటే బాగా ఎక్కువ వేడి మీద కాచినవని, రాసి ఉన్న పాలు మాత్రం వద్దు, ఆ పెరుగుకి మన రుచి రాదు.

—

ఆంటీ చెప్పినదానికి కొంచెం కలుపుతానండీ. ఆదివారం పొద్దున 9 నుంచి 1 దాకా మౌంటెన్ వ్యూ కాల్‌ట్రెయిన్ స్టేషన్ దగ్గర రైతుబజారు ఉంటుంది, ఏడాది పొడుగునా. మీ స్టేషన్ నుంచి దక్షిణం వైపు ఒక్కటే స్టాప్. ఎండాకాలం ఆసియా కూరలు అమ్మేవాళ్ళ దగ్గర తోటకూర, బీరకాయ, కాకరకాయ దొరుకుతాయి. తోటకూర అని అడిగితే వాళ్ళకి తెలియదు, ఆకు మధ్యలో ఎర్రగా ఉన్న కట్ట చూపించండి. ఇండియన్ స్టోర్లకైతే ఎల్ కమినో రియల్ మీద 22 నంబరు బస్సెక్కి సన్నీవేల్‌లో దిగండి. క్లిప్పర్ కార్డు రైలుకీ బస్సుకీ పనికొస్తుంది.

ఇంకొక్క మాట. కరివేపాకు ఆకు గానీ మొక్క గానీ ఊరి నుంచి ఎవరి సూట్‌కేసులోనూ తెప్పించుకోవద్దు. నిమ్మ, నారింజ చెట్లని చంపే తెగులు మోసే పురుగు కరివేపాకు మీద బతుకుతుంది. ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారు. పట్టుకోకపోయినా ఇక్కడి తోటలకి ప్రమాదం.

—

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. వదినకి ఫోన్ చేసి చెప్పాను, కాసేపు ఏమీ మాట్లాడలేదు. సీసా పాలు తెచ్చేశాను ఆంటీ, మీగడ చూస్తే మా ఇల్లు గుర్తొచ్చింది. కానీ తోడు లేదు. స్టోర్లో దొరికే యోగర్ట్ వెయ్యొచ్చా?

—

వెయ్యొచ్చు గానీ ఎందుకమ్మా? నా తోడు ఇరవై ఏళ్ళుగా ఆగకుండా నడుస్తోంది. మేముండేది కాస్ట్రో స్ట్రీట్ దగ్గరే. ఆదివారం బజారుకి వచ్చినప్పుడు ఫోన్ చెయ్యి, నంబరు విడిగా పంపిస్తాను. మూత గట్టిగా పట్టే చిన్న డబ్బా ఒకటి తెచ్చుకో. పెరట్లో గోంగూర కూడా ఉంది, దానికి సంచీ.