దసరా సెలవుల్లో జబల్‌పూర్‌లో ఉన్న మా వారి దగ్గరికి వెళ్తున్నాము: పిల్లలతో, అత్తగారితో ఏమేమి చూడవచ్చు?

పాలకొల్లు ఇల్లాలు:

నమస్కారమండి. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మా వారు సైన్యంలో హవల్దారు. ప్రస్తుతం జబల్‌పూర్‌లోని ఒక శిక్షణ కేంద్రంలో కొత్తగా చేరిన కుర్రవాళ్ళకు తర్ఫీదు ఇస్తున్నారు. పిల్లల చదువు, ఇంటి దగ్గర వ్యవసాయం కారణంగా నేను ఇక్కడే ఉండిపోయాను. ఈ దసరా సెలవులకు నాలుగో తరగతి చదివే మా అబ్బాయిని, ఇంకా బడిలో వేయని మా పాపను, అత్తగారిని తీసుకుని వెళ్ళాలని నిశ్చయించుకున్నాము. యూనిట్ గెస్ట్ రూమ్ దొరుకుతుందని మా వారు చెప్పారు.

మా అబ్బాయి తన తండ్రిని ఎక్కువగా ఫోను తెరమీదనే చూస్తూ పెరిగాడు. అందువల్ల ఆయన డ్యూటీ ముగించుకుని వచ్చేదాకా గదిలో కూర్చోవడం కాకుండా, నలుగురమూ ఆయనతో కలిసి వెళ్ళగలిగే చోట్లు ఏవో, ఆయన లేనప్పుడు నేను ఒక్కదాన్నే పిల్లలను తీసుకెళ్ళగలిగే చోట్లు ఏవో ముందే తెలుసుకోవాలని ఉంది. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, మెట్లు ఎక్కలేరు. నాకు హిందీ అంతంత మాత్రమే వచ్చు. అక్కడ నర్మదలో పడవ షికారు చాలా బాగుంటుందని విన్నాను గానీ, 2019లో కచ్చులూరు దగ్గర జరిగిన ఘోరం తరువాత మా ఇంట్లో పడవ అంటేనే అందరికీ భయం. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

కోరంగి అమ్మాయి:

మేము జబల్‌పూర్ కంటోన్మెంటులో క్వార్టర్స్ తీసుకుని ఉన్నవాళ్ళమేనండి, కాబట్టి మీరు అడిగిన విషయాలు నాకు బాగా తెలుసు. మీ వారికి సెలవు దొరికిన ఆదివారాన్ని పూర్తిగా భేడాఘాట్‌కే కేటాయించండి. ఊరికి సుమారు 25 కిలోమీటర్ల దూరంలో నర్మద చలువరాతి కొండల నడుమ నుంచి పారుతుంది. అంతకు కొంచెం ఎగువన ధువాఁధార్ జలపాతం ఉంది. నీళ్ళు పడేచోట తుంపరలు పొగలాగా లేచి, గట్టు మీద నిలబడిన వారి ముఖాలను తడిపేస్తాయి. నడివానల్లో వరద పెరిగితే జలపాతం నీళ్ళలోనే కలిసిపోయి ఆకారం తెలియదు, వానలు తగ్గిన దసరా రోజుల్లో దాని అందం పూర్తిగా కనిపిస్తుంది. అక్కడ నదిమీదుగా వెళ్ళే రోప్‌వే ఉంది, మీ అత్తగారు ఎక్కువ నడవకుండానే పైనుంచి అంతా చూడవచ్చు. దగ్గరలోనే ఉన్న చౌసఠ్ యోగిని గుడి కలచురి రాజుల కాలంనాటిది, గుండ్రని ప్రాకారంలో వరుసగా యోగినుల విగ్రహాలు ఉంటాయి. దానికి వందకు పైగా మెట్లు ఎక్కాలి. ఆవిడను కింద నీడలో కూర్చోబెట్టి, మీరూ మీ వారూ వంతులవారీగా వెళ్ళి రండి.

పడవల సంగతి మీ తేదీలను బట్టి ఉంటుంది. వానాకాలంలో భేడాఘాట్‌లో పడవలు నిలిపివేస్తారు, సాధారణంగా అక్టోబరు మధ్య వరకు తిప్పరు. దసరా ముందుగా వచ్చిన సంవత్సరం ఆ ప్రశ్నే ఉండదు. తెరిచి ఉంటే మాత్రం పంచవటి ఘాట్‌లో ఎక్కుతారు. లైఫ్ జాకెట్ మీ పాప ఒంటికి సరిపోయే కొలత ఉందో లేదో చూసి, లేకపోతే మొహమాటపడకుండా దిగిపోండి. కచ్చులూరును చూసిన మనం ఆ విషయంలో ఎవరి మాటా వినవలసిన పని లేదు.

డ్యూటీ రోజుల సాయంత్రాలకు గ్వారీఘాట్ చాలు. అది ఊళ్ళోనే ఉంది, సాయంకాలం నర్మదా హారతి ఇస్తారు. మీ అత్తగారికి అన్నింటికంటే ఇదే నచ్చుతుందని నా నమ్మకం. 2024లో నర్మదా పుష్కరాలకు మన వైపు నుంచి వెళ్ళిన పెద్దవాళ్ళు ఇప్పటికీ ఆ నది గురించి చెప్పుకుంటారు. మీరు ఒక్కరే పిల్లలతో వెళ్ళడానికైతే డుమ్‌నా నేచర్ పార్కు మంచిది, అక్కడ చుక్కల జింకలు ఉంటాయి.

భీమవరం కుర్రాడు:

అంత దూరం వెళ్ళి కాన్హా చూడకుండా రావద్దండి. అక్టోబరులో అడవి మళ్ళీ తెరుస్తారు. పులి కనిపించినా కనిపించకపోయినా, అక్కడి బారాసింగా దుప్పులను చూస్తే మీ అబ్బాయి జీవితాంతం మరచిపోడు.

విశ్రాంత సుబేదారు, మాధవరం:

అమ్మా, మాది తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరం. ఇంటికొకరు చొప్పున సైన్యానికి వెళ్ళిన ఊరు కనుక, మీలాంటి ఆడపడుచుల ప్రయాణాలు చిన్నప్పటినుంచీ చూస్తూనే ఉన్నాను. ముందుగా మీరు యూనిట్ పేరు రాయనందుకు సంతోషం, ఇకముందు కూడా రాయవద్దు. లోపల తీసిన ఫొటోలను ఎక్కడా పెట్టవద్దు, గేటు దగ్గర పిల్లల చేత ఫోను పట్టించవద్దు.

కాన్హా విషయంలో పై అబ్బాయితో నేను ఏకీభవించను. జబల్‌పూర్ నుంచి సుమారు 160 కిలోమీటర్లు వెళ్ళాలి, రాత్రి అక్కడే ఉండాలి, తెల్లవారుజామున చలిలో జీపు ఎక్కాలి. చంటిపిల్లకూ మోకాళ్ళు నొప్పులున్న పెద్దావిడకూ ఆ కుదుపులు పడవు. పైగా తాను పనిచేసే సైనిక స్టేషన్ దాటి రాత్రి బయట ఉండాలంటే మీ ఆయన అనుమతి తీసుకోవాలి. శిక్షణ కేంద్రంలో ఉస్తాద్‌గా ఉన్నవాడికి తెల్లవారకముందే పీటీతో రోజు మొదలవుతుంది, సాయంత్రం ఆటల తరువాత రోల్‌కాల్ ఉంటుంది. కసమ్ పరేడ్ (శిక్షణ ముగించిన కుర్రవాళ్ళు ప్రమాణం చేసే కవాతు) దగ్గరపడుతుంటే ఆదివారం కూడా దక్కదు. అందుచేత టికెట్లు తీయకముందే ఆ పరేడ్ తేదీ కనుక్కోండి. పరేడ్ మీ సెలవుల్లోనే పడి, కుటుంబాలను రానిస్తే మాత్రం దాన్ని వదులుకోవద్దు. తన తండ్రి తయారు చేసిన కుర్రవాళ్ళు వరుసలు తీరి ప్రమాణం చేయడం మీ అబ్బాయి కళ్ళారా చూస్తాడు, దానిముందు నా దృష్టిలో ఏ జలపాతమూ నిలవదు.

ఆదివారం ఉదయం యూనిట్ గుడికి కుటుంబాలు వస్తాయి. అక్కడ తెలుగువాళ్ళ ఇల్లాళ్ళు ఎవరో ఒకరు తప్పక కలుస్తారు, హిందీ బెంగ కూడా అక్కడితో తీరుతుంది. మీ డిపెండెంట్ కార్డు, అందరి ఆధార్ కార్డులు చేతిసంచిలోనే ఉంచుకోండి. విజయవాడలో సంఘమిత్ర ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఇటార్సీ మీదుగా నేరుగా జబల్‌పూర్‌లో దిగుతారు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, పండుగ రద్దీ కాబట్టి ఆ రోజే తీయండి, అత్తగారికి కింది బెర్తు అడగండి.

ఒక పాత బడిపంతులు:

భేడాఘాట్ వెళ్ళే దారిలోనే తేవర్ అనే గ్రామం వస్తుంది. పూర్వపు త్రిపురి అదే. 1939లో కాంగ్రెస్ మహాసభ త్రిపురిలో జరిగింది, ఆ ఏటి అధ్యక్ష ఎన్నికలో సుభాష్ చంద్రబోస్ మీద పోటీ చేసి ఓడిపోయినవారు మన గుండుగొలనులో పుట్టిన భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు. ఆంధ్రా బ్యాంకు స్థాపించినది కూడా ఆయనేనని మీ అబ్బాయికి చెప్పండి. జబల్‌పూర్ బజారులో ఆ మహాసభ జ్ఞాపకంగా కట్టిన కమానియా గేటు ఉంది. అది చూపించి, అక్కడే పిల్లలకు ఖోవా జిలేబీ తినిపించండి.

పాలకొల్లు ఇల్లాలు:

అందరికీ కృతజ్ఞతలు. రాత్రి మా వారితో మాట్లాడాను. పరేడ్ తేదీ ఇంకా ఖరారు కాలేదట, తెలిసిన వెంటనే చెబుతానన్నారు. కాన్హా ఈసారికి మానుకున్నాము. పడవలు తెరిచి ఉన్నా అత్తగారు ఎక్కనంటున్నారు కాబట్టి, ఆవిడా పాపా గట్టునే ఉంటారు, అబ్బాయి వాళ్ళ నాన్నతో వెళ్తాడు. ఇంకొక్క సందేహం: గ్వారీఘాట్‌లో హారతి దగ్గర పెద్దవాళ్ళు కూర్చోవడానికి వీలుంటుందా?

కోరంగి అమ్మాయి:

మెట్ల మీదే కూర్చోవాలండి. కాస్త ముందుగా వెళితే పైమెట్టు మీద చోటు దొరుకుతుంది, ఆవిడ కిందికి దిగనవసరం లేదు. మడత కుర్చీ ఒకటి యూనిట్‌లో అడిగి తీసుకెళ్ళమని మీ వారికి చెప్పండి.