దివ్యాంగుల పింఛన్లు: దొంగ సదరం (వైకల్య శాతం చూపే) సర్టిఫికెట్లు పట్టుకోవడానికి అందరినీ మళ్ళీ పరీక్షకు పిలవాలా?

బెజవాడ లెక్క:
2024 జులైలో ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను నెలకు 3,000 నుంచి 6,000కి పెరిగింది. పూర్తిగా మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్ళకు 5,000 ఉన్నది 15,000 అయింది. 2025లో సర్టిఫికెట్ ఉన్నవాళ్ళను మళ్ళీ పరీక్షించారు, ఆగస్టులో చాలామందికి నోటీసులు వెళ్ళాయి, గొడవైంది, అప్పీళ్ళు తేలేదాకా పింఛను ఇస్తామన్నారు. నా మటుకు, పరీక్ష పెట్టాల్సిందే, అందరికీ పెట్టాల్సిందే. ఏడాదికి 72,000 రూపాయలు, పై వర్గంలో అయితే 1,80,000. కేంద్రం వాటా 300 రూపాయలు, అదీ 80 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పేదలకే. మిగతాదంతా రాష్ట్ర ఖజానాదే. పైగా 40 శాతం ఉన్నా 95 శాతం ఉన్నా అదే 6,000, 39 వస్తే సున్నా. దళారికి పని దొరికేది ఆ ఒక్క శాతం దగ్గరే. నూటికి నూరు చూపించే బేరం ఎవరికీ అక్కర్లేదు, 36ని 42 చేయిస్తే చాలు.

అరండల్‌పేట లాయరు:
దొంగ సర్టిఫికెట్ వేరు, శాతం తగ్గిన సర్టిఫికెట్ వేరు. మీరు రెండూ ఒకే గంపలో వేస్తున్నారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం సెక్షన్ 91 ప్రకారం మోసంతో ప్రయోజనం పొందితే రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. అంత తీవ్రమైన మాట వాడాలంటే మోసం చేశాడని రుజువు కావాలి. పదేళ్ళ కిందట ఒక డాక్టరు 45 రాశాడు, ఇప్పుడు ఇంకొకరు 35 రాశారు. ఇందులో పింఛనుదారుడి నేరం ఎక్కడుంది? అబద్ధపు అంకె డబ్బు తీసుకుని వేస్తే, వేసినవాళ్ళ మీద అవినీతి నిరోధక చట్టం ఉంది. ఆ కేసులు ఎన్ని పెట్టారో ముందు అడగండి.

బెజవాడ లెక్క:
45 మీద 35 ఎలా వస్తుందండీ? కాలు పెరగదు కదా.

ఎముకల గది:
వస్తుంది. పాతవాటిలో చాలాచోట్ల అంకెలు ఊరికే కూడేశారు. ఒక చేతికి 25, ఒక కాలికి 15 అనుకోండి, కూడితే 40, పింఛను వచ్చేస్తుంది. కేంద్రం మార్గదర్శకాల్లో ఉన్న సూత్రం వేరు: పెద్ద అంకెను అలాగే ఉంచి, 90లోంచి దాన్ని తీసేసి, మిగిలినదాన్ని చిన్న అంకెతో గుణించి, 90తో భాగించి కలపాలి. అంటే 25 + (15 × 65 ÷ 90) = 35.8. మనిషి అదే, కాలూ చెయ్యీ అవే, పింఛను పోయింది. 30, 20 అయితే 43.3 వస్తుంది, అక్కడ ఇబ్బంది లేదు. దెబ్బంతా అంచు మీద ఉన్నవాళ్ళకే.

ఇంకో రకం, ఎముక విరిగి కీలు బిగుసుకుపోయినప్పుడు తాత్కాలికంగా ఇచ్చినవి. ఫిజియోథెరపీతో కీలు వదులైతే శాతం తగ్గడం న్యాయమే. గడువు తేదీ సర్టిఫికెట్ మీదే అచ్చయి ఉంటుంది, ఆ రోజుకు పిలవకుండా ఏళ్ళ తరబడి వదిలేయడం వ్యవస్థ తప్పు.

ఇక కాళ్ళూ చేతుల్లో నటించడం చాలా కష్టం. గోనియోమీటర్‌తో కీలు ఎంత వంగుతుందో కొలుస్తాం, కండర బలానికి 0 నుంచి 5 దాకా అంకె వేస్తాం. బలం లేదంటూ కాలు ఎత్తకపోవచ్చు, కానీ తొడ చుట్టుకొలత టేపుతో రెండు వైపులా తీస్తే ఏళ్ళుగా వాడని కాలు సన్నగానే ఉంటుంది. అది నటనకు లొంగదు. పోలియో కాలును చూడటానికి రెండోసారి డాక్టర్ల బోర్డు ఎందుకో నాకైతే అర్థం కాదు.

చెవి పరీక్ష, గుంటూరు:
అసలు చర్చ చెవి దగ్గర జరగాలి. శబ్దం వినపడినప్పుడు బటన్ నొక్కమనే ఆడియోమెట్రీలో జవాబు రోగి చేతిలో ఉంటుంది, నొక్కకపోతే చెవుడే. 500, 1000, 2000, 4000 హెర్ట్జ్‌ల దగ్గర తీస్తాం. నటించేవాడిని పట్టుకునే దారులు ఉన్నాయి. కాసేపాగి అదే పరీక్ష మళ్ళీ చేస్తే నిజమైన చెవుడు 5 డెసిబెల్స్ అటూ ఇటూగా అదే చోట నిలుస్తుంది, నటనైతే అంకె 15, 20 దూకుతుంది. మాటలతో చేసే పరీక్షకూ బీప్ శబ్దాల సగటుకూ 10 డెసిబెల్స్ లోపు తేడా ఉండాలి. ఒక్క చెవే నటిస్తుంటే స్టెంగర్ పరీక్ష. రెండు చెవులకూ అనుమానం ఉంటే బెరా. తలకు ఎలక్ట్రోడ్లు పెట్టి నరం స్పందన నేరుగా తీస్తాం, మనిషి నిద్రపోతున్నా ఫలితం వస్తుంది.

మరి తప్పు ఎక్కడ జరుగుతుంది? బెరాకు ఒక్కొక్కరికి అరగంట నుంచి గంట పడుతుంది. సదరం క్యాంపులో ఒక పూటకు పెద్ద వరస నిలబెడితే ఆ టైము ఉండదు, ఆడియోమెట్రీ ఒక్కటి చేసి పంపేస్తారు. శబ్దం లోపలికి రాని గది కావాలి. ఫ్యాను తిరుగుతూ, బయట పిల్లలు అరుస్తూ ఉంటే మంచి చెవికి కూడా అంకె పెరుగుతుంది. చెవిలో గుబిలి తీయకుండా కూర్చోబెట్టినా అంతే. దొంగలు ఇలా దాటిపోతారు, నిజమైన వాళ్ళకూ తప్పు అంకెలు పడతాయి.

ఒక చెవి పూర్తిగా పోయినవాళ్ళు కూడా నోటీసు చూసి ఏడుస్తున్నారు. సూత్రం వాళ్ళకు తెలియదు: బాగున్న చెవి శాతాన్ని 5తో గుణించి, రెండో చెవిది కలిపి, 6తో భాగించాలి. ఒక చెవి 0, ఇంకోటి 100 అయితే వచ్చేది 16.7. వీళ్ళకు ఎవరైనా 40 వేసి ఉంటే ఆ మొదటి డాక్టరునే పిలిచి అడగాలి.

కంటి మాట:
కళ్ళకూ ఇదే. ఒక కన్ను పూర్తిగా పోయి రెండోది బాగుంటే 30 శాతం, పింఛను రాదు. చూపు కొలిచేది కళ్ళజోడు పెట్టుకునే. శుక్లానికి ముందు సర్టిఫికెట్ తీసుకుని, ఆపరేషన్ తర్వాత చూపు వచ్చినవాళ్ళను తీసేయడం సబబే. దాన్ని మోసం అనకండి, ఆపరేషన్ ప్రభుత్వమే చేయించి ఉంటుంది కూడా.

మంగళగిరి వాదన:
మానసిక వైకల్యం మాట ఎవరూ ఎత్తట్లేదే? అక్కడ ఐక్యూతో పాటు, రోజువారీ పనులు సొంతంగా చేసుకుంటాడా అని తల్లిదండ్రులను అడిగి స్కోరు వేస్తారు. బొత్తాలు పెట్టుకోడు, డబ్బు లెక్క తెలియదు అని అమ్మే చెప్తే కాదనేదెవరు? స్వల్ప స్థాయి అని తేల్చినా 50 శాతం వస్తుంది. దళారులకు అన్నిటికన్నా తేలిక దారి ఇదేనని నా నమ్మకం.

చెవి పరీక్ష, గుంటూరు:
తేలికే, కాదనను. బడి రికార్డు తెమ్మంటే సగం తేలుతుంది. తేకపోతే అబద్ధమనీ అనలేం, అసలు బడికే పంపని పిల్లలు ఎంతమంది లేరు?

వార్డు వెల్ఫేర్:
కింది నుంచి చూస్తే ఇంకో సంగతి. పరీక్షకు పిలుపు అంటే మాటలు కాదు. మంచం మీది మనిషిని మూడో అంతస్తు నుంచి దింపాలి, ఆటో మాట్లాడాలి, తోడు వచ్చేవాడికి ఆ రోజు కూలి పోవాలి. గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో ఒక విభాగం నుంచి ఇంకో విభాగానికి తిప్పితే మనిషి వాడిపోతాడు. దొంగ పింఛనుదారుడికి ఆ బాధ లేదు, బండి మీద వచ్చి వెళ్తాడు. అందరినీ పిలిచే పద్ధతిలో శిక్ష పడేది ఎవరికో చూడండి.



బెజవాడ లెక్క:
వార్డు వెల్ఫేర్ గారు, మీరు చెప్పిన బాధ నిజమే. అయితే ఎవరిని పిలవాలి? అనుమానం ఉన్నవాళ్ళనే అంటే, ఆ అనుమానం ఎవరిది? సచివాలయంలో ఎవరితోనో పడకపోతే ఆ పేరు జాబితాలోకి ఎక్కుతుంది.

ఎముకల గది:
మనిషిని బట్టి వద్దు, వర్గాన్ని బట్టి పిలవండి. అవయవం తెగిపోయినవాళ్ళు, పోలియో, పూర్తి అంధత్వం: వీళ్ళను ఇంటి దగ్గర ఫొటోతో సరిచూస్తే చాలు. చెవుడు, మానసికం, 40 నుంచి 50 మధ్య అంకెలున్నవి, గడువు దాటిన తాత్కాలికాలు: వీటిని ఆసుపత్రికి పిలవండి, రోజుకు తక్కువమందినే పిలిచి పూర్తి పరీక్ష చేయండి. మొదట సర్టిఫికెట్ ఇచ్చిన డాక్టరు రెండోసారి బోర్డులో కూర్చోకూడదు. ఇంకోటి, ఒకే సంతకంతో సరిగ్గా 40, 41, 42లు వరసగా కనిపిస్తే ఆ సంతకం పెట్టినవాళ్ళ ఫైళ్ళు ముందు తీయండి. సదరం అంతా కంప్యూటర్‌లోనే ఉంది, ఇది ఒక పూట పని.

బెజవాడ లెక్క:
సంతకం బట్టి తీయడం బాగుంది, ఒప్పుకుంటా. 15,000 వర్గాన్ని మాత్రం ఒక్కరిని కూడా వదలడానికి లేదు. 6,000 నుంచి అక్కడికి ఎక్కడానికి నెలకు 9,000 ఆశ ఉంది.

ఎముకల గది:
వాళ్ళను ఇంటికెళ్ళి చూడటమే సరి, 2025లో చేసిందీ అదే. మంచం మీదే ఏళ్ళుగా ఉన్న మనిషికి కీళ్ళు బిగుసుకుపోతాయి, వీపు కింద పుండ్లో వాటి మచ్చలో ఉంటాయి, అరికాలి చర్మం పలచబడి మెత్తగా ఉంటుంది. నడిచే మనిషి అరికాలు అలా ఉండదు. చూడటానికి పది నిమిషాలు చాలు.

అరండల్‌పేట లాయరు:
నోటీసు చేతిలో ఉన్నవాళ్ళు ఈ చర్చ చదువుతుంటే: అప్పీలు పల్లెల్లో ఎంపీడీవోకు, పట్టణాల్లో మున్సిపల్ కమిషనర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. నోటీసు, పాత సదరం, ఆధార్, ఆపరేషన్ కాగితాలు, ఎక్స్‌రేలు జతచేయండి. కొత్త శాతం ఒక్కటే చూసి వదలొద్దు, ఏ అవయవానికి ఎంత వేశారో, ఎలా కలిపారో అడిగి, పైన చెప్పిన సూత్రంతో ఇంట్లోనే లెక్క వేసి చూడండి. లెక్కలో తప్పుంటే అప్పీలులో మొదటి వాక్యం అదే రాయండి. 60 దాటినవాళ్ళకు 40 రాకపోయినా, వృద్ధాప్య పింఛను 4,000కి మార్చమని అదే అర్జీలో అడగొచ్చు.