స్టేజీ మీద తప్పు పడితే ఎలా సర్దుకుంటారు?

తణుకు వయొలిన్:
దసరాకి మా అమ్మవారి పందిట్లో అరగంట సోలో ఒప్పుకున్నాను. ఇంట్లో బాగానే వస్తుంది గానీ నలుగురి ముందు ఒక్క స్వరం జారిందా, ఇక రెండు ఆవర్తనాలు (తాళం రెండు చుట్లు తిరిగేదాకా) బుర్రంతా దాని చుట్టూనే తిరుగుతుంది, ఆ టెన్షన్లో ఇంకోటి పోతుంది. ధైర్యంగా ఉండు లాంటివి వద్దండీ, చేతికి పనికొచ్చేవి చెప్పండి.

పాలకొల్లు హార్మోనియం:
పద్య నాటకాలకి వాయిస్తాను, నాకిది మామూలే. నటుడు మూడో పాదం దగ్గర రాగం సాగదీస్తున్నాడంటే సరదాకి తీస్తున్నాడో, మాట దొరక్క తీస్తున్నాడో ముఖం చూసి పట్టుకోవాలి. దొరక్కపోతే అదే రాగంలో నేనో చిన్న బిట్ అందుకుంటాను, ఆయన కండువా సర్దుకుంటూ నాలుగడుగులు వేసి పక్క తెర దగ్గరికొస్తాడు, ప్రాంప్టర్ మాట అందిస్తాడు. ఆ నడకకి కూడా చప్పట్లు పడతాయి, ఆయ్. ఒక ఊళ్లో ప్రాంప్టర్ టీకి పోతే ముందు వరసలో పెద్దాయనే గట్టిగా అందించేశాడు. చెప్పేదేంటంటే, పక్కన వాయించేవాళ్లతో సైగ ముందే మాట్లాడుకోండి.

రాజోలు మృదంగం:
హార్మోనియం గారి మాటే నాదీ. స్వరం పోతే పోయింది, తాళం మాత్రం వదలొద్దు. కల్పన స్వరాల్లో, అంటే అప్పటికప్పుడు అల్లి వాయించే స్వరాల్లో, వయొలిన్ దారి తప్పిందని తెలిస్తే నేను లెక్కలన్నీ ఆపేసి సాదా నడక వాయిస్తాను, సమం దగ్గర, అంటే తాళం మొదలయ్యే చోట, దెబ్బ కాస్త గట్టిగా పడుతుంది. ఆది తాళంలో ఎనిమిది అక్షరాలేగా, ఒక్క ఆవర్తనం చెవిపెట్టి వింటే మళ్లీ ఎక్కేయొచ్చు. అంతర్వేది వైపు రాత్రి కచేరీల్లో ఇంకో బాధ, సముద్రపు గాలి చెమ్మకి కుడి మూత శ్రుతి దిగిపోతుంది. దాన్ని దాచిపెట్టి లాక్కురావడం కంటే, కీర్తనకీ కీర్తనకీ మధ్య రాయి, పుల్ల తీసి దర్జాగా సరిచేసుకోవడమే మేలు.

భీమవరం కీబోర్డ్:
మా ఆర్కెస్ట్రాలో గొడవంతా శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్‌తోనే. ముందు పాటకి మార్చింది అలాగే ఉండిపోతే గాయని ఒక శ్రుతి, మేమొక శ్రుతి. అలాంటప్పుడు నేను కీబోర్డ్ మీంచి చేతులు తీసేస్తాను, డ్రమ్స్, బేస్ నడిపిస్తాయి, సరిచేసుకుని పల్లవి దగ్గర కలుస్తాం.

ముందు వరస శ్రోత:
మాకు వినపడదనుకోకండి బాబూ. బాలమురళి పుట్టిన శంకరగుప్తం మాకు దగ్గరే, ఇటువైపు ఏ పందిట్లో చూసినా తొడ మీద తాళం వేసుకునేవాడు ఒక్కడైనా ఉంటాడు. మోహన రాగంలో లేని మధ్యమం తగిలితే పట్టేస్తాం. కానీ తగిలినందుకు ఎవరూ లేచి వెళ్లిపోరు. నాలిక కరుచుకుని, మృదంగం వైపు చూసి, అదే పట్టు మళ్లీ వాయిస్తారు చూడండి, విసుగు అక్కడ పుడుతుంది.

రామచంద్రపురం వీణ:
పిల్లలకి నేర్పుతాను. ఎప్పుడూ పల్లవి నుంచే సాధన చేసే పిల్లలు చరణంలో తప్పిపోతే మళ్లీ పల్లవికే పోవాలి, వాళ్లకి వేరే తలుపే లేదు. అందుకే ఉన్నట్టుండి "చరణం, రెండో సంగతి" (అదే పాదాన్ని రెండోసారి మార్చి పాడే తీరు) అంటాను, అక్కణ్ణుంచి ఎత్తుకోవాలి. తప్పు దగ్గర ఆగి దిద్దుకునే సాధన వేరు, ఏం జరిగినా ఆగకుండా చివరిదాకా పోయే సాధన వేరు. చాలామంది మొదటిదే చేస్తారు, స్టేజీ మీద కావాల్సింది రెండోది. కచేరీ వారం ఉందనగా ఫోన్లో రికార్డింగ్ పెట్టి, ఇంట్లో టీవీ మోగుతుంటే మోగనిచ్చి, మొత్తం ఒకేసారి వాయించండి. రికార్డింగ్ మర్నాడు వినండి. గుండెలు బాదుకున్న తప్పుల్లో సగం అందులో మీకే దొరకవు.

తణుకు వయొలిన్:
టీచర్ గారూ, ఇప్పుడే అనుపల్లవి నుంచి ఎత్తుకుందామని చూశాను, చెయ్యి అసలు కదలట్లేదు. రోగం ఎక్కడుందో తెలిసింది. ఇంతకీ మధ్యలో తీగ తెగితే?

రాజోలు మృదంగం:
పెట్టెలో అదనపు తీగ ఉంచుకోండి. కొత్త తీగ సాగుతూ శ్రుతి దిగుతుంటుంది కాబట్టి పాతబడినవి నాలుగు రోజుల ముందే మార్చేయండి. అయినా తెగిందంటే మృదంగానికి తని (ఒంటరిగా వాయించే వంతు) ఇచ్చేసి నింపాదిగా వేసుకోండి. ఎంతసేపు పట్టినా మేమేమీ అనుకోం 😀